తక్కువ బరువు

పీణ్య రెండో స్టేజి, లేతు షెడ్ల మధ్య
మా శిక్షణ గది.
ఏసీ చలిలో నాలుగు తెరలు.
తెరల మీద, ఇంకా ఎవరూ తవ్వని ఒక వేడిబావి.

పొద్దున పరీక్షకు వచ్చినవాడు ఓబుళేసు.
తనకల్లు దగ్గర పల్లె.
ముప్పయ్యొక్క ఏళ్లు బోరుబండి మీద.
కంప్రెసరు పక్కన నిలబడి నిలబడి
ఎడమచెవి మొత్తం, కుడిచెవి సగం
గాలికి ఇచ్చేశాడు.

నేను పాఠం చెప్పాను:
మామూలుగా బావిలో బరువైన బురద నింపుతాం,
భూమి పైకి తన్నకుండా.
ఆ బురదే పోయి వేడి నెర్రెల్లో కూర్చుంటుంది.
నోట్లో మన్ను కొట్టిందీ మనమే,
"దీంట్లో ఏమీ లేదు" అని రాసి
మూత బిగించి వచ్చేదీ మనమే.

అందుకని బురద బదులు నురగ.
గాలి, నీళ్లు, కాస్త సబ్బు.
భూమి తోపుకంటే మన తోపు
ఒక మెట్టు కిందే ఉండాలి.
తవ్వుతుండగానే అది పైకొస్తుంది,
ఆవిరి, ఉప్పు, రాతిపొడి, గంధకం కంపు.
రానివ్వాలి.
కానీ కవాటం మీంచి చెయ్యి తీయకూడదు.
మరీ తేలికైతే గోడలు విరిగి
పైపును కరిచి పట్టుకుంటాయి.

అతను నా పెదాలు చూస్తూ విన్నాడు.
"మేం చేసేదీ ఇదే గదా మేడమ్.
గాలితోనే గదా కొట్టేది.
దీనికింత పేరుందని తెల్దు."

తెర మీద పీడనం లేచింది. అలారం.
అతను రెండు అరచేతులూ బల్లకు ఆనించి
దేనికోసమో ఆగాడు.
సన్‌మైకా బల్ల. కింద రాయి లేదు.
పద్దెనిమిది సెకన్లు.
మూలనున్న ఎర్రదీపం కంటపడేసరికి
బొమ్మలోని బావి పేలిపోయింది.
పక్క తెర కుర్రాడు నవ్వు ఆపుకున్నాడు.
నేను చూశాను. ఏమీ అనలేదు.

నలభై ఒకటి. యాభై కావాలి.

మధ్యాహ్నం గోడ అవతల
రంగుల ఫ్యాక్టరీలో నీళ్లబోరు.
తొమ్మిది వందల అరవై అడుగులు, అంతా తెల్లపిండి.
యజమాని ముదలగిరియప్ప ముక్కుకు తువ్వాలు కట్టుకుని
"సాకు, సాకు" అంటున్నాడు.

గోడ విరిగినచోట నుంచి ఓబుళేసు దాటాడు.
ఎవరూ పిలవలేదు.
తిరిగే పైపు జోలికి పోకుండా
మాస్టు కాలి మీద అరచెయ్యి పెట్టాడు,
జ్వరం చూసినట్టు.
కాసేపటికి ఆపరేటరుకు సైగ: తగ్గించు.
"అంతగనం ఊదితే
అది నోరెట్ల తెరుస్తాది?"

గాలి తగ్గింది.
పక్క షెడ్లలో లేతుల చప్పుడు మళ్లీ వినిపించింది.
ఇంకో రెండు పైపులు.
పిండి ముద్దయింది, ముద్ద బూడిదరంగయింది,
చివరికి గొట్టం అంచున నీళ్లు.
ఎక్కువ కాదు. అంగుళం కూడా లేదు.
ముదలగిరియప్ప చెప్పులు విప్పి దాంట్లో నిలబడ్డాడు.

నా ఫారంలో అరచేతికి గడి లేదు.
వెతికాను. "ఇతర వ్యాఖ్యలు" అని ఒకటుంది, రెండు గీతలు.
అక్కడేం రాసినా
వేడిబావి దగ్గర అలారం అలారమే,
వినబడనివాడి మీదికి ఆవిరి జాలిపడి ఆగదు.
సంతకం పెట్టకుండా
ఎదురుగా మోటార్లు చుట్టే మునిరత్నం దగ్గరికి వెళ్లాను.

"బల్ల కింద బిగించాలి. చిన్నది చాలు.
అలారం మోగితే వణకాలి."
"దేనికి మేడమ్?"
"పరీక్షకు."
"ఎవరికి పరీక్ష?"
నేను డబ్బులు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాను.

గురువారం మళ్లీ కూర్చోబెడతాను.
ఈసారి ముందు నేను తక్కువ మాట్లాడతాను.

రాత్రి ఎనిమిదింటికి గదికి తాళం వేసేముందు
దీపాలన్నీ ఆర్పి
నా చేతులు రెండూ బల్ల మీద పెట్టి చూశాను.
ఉలిక్కిపడ్డాను.
మోటారు కాదు, దానికింకా తీగ కలపలేదు.
పైన వంతెన మీద మెట్రో,
నాగసంద్ర వైపు.

పదకొండేళ్లుగా ఇక్కడే కూర్చుంటున్నాను.
రోజూ వెళ్తూనే ఉండి ఉంటుంది.